బల్ల మీద లేని కావలివాడు

తాళంచెవులు చేసేవాడికి ఓపిక ఎక్కువని అందరూ అనుకుంటారు. అది ఓపిక కాదు, భయం. ఇత్తడి పన్ను ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ అరిగినా ఆ చెవి చెత్తబుట్టకే. అందుకే అతను ఆకురాయితో ఒకసారి గీస్తాడు, ఆగుతాడు, వెలుగుకెత్తి చూస్తాడు, మళ్ళీ గీస్తాడు. పెళ్ళాంతో పోట్లాడినా అంతే. ఒక మాట అని ఆగుతాడు. ఈలోపు ఆవిడ పది అనేస్తుంది.

మార్కెట్ వెనక సందులో బొమ్మల కార్డులమ్మే దుకాణం ఒకటుంది. ఆదివారాలు అక్కడ పోటీలు పెడతారు. ఎవరి కట్ట వాళ్ళే కూర్చుకుని తెచ్చుకోవాలి, ఎదుటివాడి కోట కూల్చాలి. బావమరిది చెయ్యిపట్టి లాక్కెళ్తే వెళ్ళాడు. మొదటిరోజే, ఎవరికీ అక్కర్లేని కార్డులు పడేసే డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. దాని పేరు ముసలి కావలివాడు. లాంతరు పట్టుకుని కునికిపాట్లు పడుతున్న బొమ్మ. అది బల్ల మీదున్నంతసేపూ ఇద్దరిలో ఎవరూ వంతుకి ఒక్క కార్డుకు మించి వెయ్యకూడదు.

"బావా, అది చెత్త. నీ చేతులు నువ్వే కట్టేసుకున్నట్టు."

"నావి ఎప్పుడూ కట్టేసే ఉంటాయిగా. ఎదుటివాడివి కూడా కడదాం."

కట్టాడు. గబగబా నాలుగైదు కార్డులు విసిరి కోట లేపేసే కుర్రాళ్ళు అతని ముందు గుక్కతిప్పుకోలేకపోయారు. ఆదివారం పోటీలు గెలిచాడు, తర్వాత నగరం పోటీ గెలిచాడు, ఆ పైన పెద్ద పోటీలో చోటు దొరికింది. అంతవరకూ అతను తాళాలోడు. చెవి పోగొట్టుకున్నప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాని మనిషి. ఇప్పుడు దుకాణంలో అడుగు పెడితే "కావలి అన్న వచ్చాడ్రోయ్" అని కుర్చీ లాగి వేస్తున్నారు.

గెలిచే కట్టను అందరూ కాపీ కొట్టి దింపేస్తారు కదా, దింపేశారు. ఏ బల్ల మీద చూసినా ముసలాళ్ళే. ఇద్దరు ముసలాళ్ళు ఎదురెదురుగా కునుకుతుంటే, వెనక ఇద్దరు మనుషులు ఆవలింతలు తీసేవాళ్ళు. టైమైపోయిందని గంట కొట్టేవాళ్ళు గాని ఆట తేలేది కాదు. నిజం చెప్పాలంటే ఆటను చంపేశారు. మొదటి దెబ్బ వేసింది అతనే.

ఒక సాయంత్రం దుకాణం ఓనరు ఫోను చూసి గట్టిగా చదివాడు. కార్డుల కంపెనీ ముసలి కావలివాణ్ణి పోటీల నుంచి నిషేధించింది. దుకాణమంతా ఈలలు, చప్పట్లు. ఎవడో బల్లెక్కి గంతేశాడు కూడా. ఆ తర్వాత మూల కూర్చున్న అతన్ని చూశారు. ఒక్కొక్కరి చప్పట్లే ఆగిపోయాయి.

"నీ మీద కాదన్నా, ముసలాడి మీద," అన్నాడు గంతేసినవాడు దిగుతూ.

"తెలుసులే," అన్నాడు. తెలియలేదు. చప్పట్లు ముసలాడికైతే తన మొహమెందుకు మండిపోతోంది?

ఇంట్లో రెండురోజులు అన్నం కెలికి లేచిపోయాడు. భార్య చూసి చూసి అంది. "మా నాన్న పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు నువ్వు."

"మీ నాన్న నన్నెప్పుడైనా గెలవనిచ్చాడా?"

ఆవిడ నవ్వింది. అతను నవ్వలేదు. పెద్ద పోటీలో చోటింకా ఉంది. అక్కడ ముసలాడు లేకుండా నెగ్గితే, కావలి అన్న పేరు ఆ అట్టముక్కది కాదు, తనదే అని తేలుతుంది. నెగ్గకపోతే మళ్ళీ తాళాలోడే.

కొత్త కట్ట బాగానే కుదిరింది. చెయ్యే కుదరలేదు. బావమరిదితో సాధనకు కూర్చుంటే, చేతిలో మూడు కార్డులున్నా ఒకటి వేసి "అయింది" అనేవాడు. ఆ మాటంటే వంతు ఎదుటివాడిదైపోయినట్టే.

"బావా! ముసలాడు చచ్చాడు! వేసుకో!" అని బావమరిది బల్ల గుద్దేవాడు. చివరికి అతనే ఒక ఉపాయం చేశాడు. బల్ల మీద ఎడమపక్క మూల, ఎప్పుడూ కావలివాడుండే చోట, తన కొట్లోంచి నోరు తెరిచున్న తాళంకప్ప ఒకటి తెచ్చి పెట్టాడు. అది కనబడితే ముసలాడు లేడని గుర్తు. పనిచేసింది. ఆ వారమంతా తప్పు జరగలేదు.

పోటీ రోజు న్యాయనిర్ణేత వచ్చి కప్ప వంక చూశాడు. "బల్ల మీద కార్డులు తప్ప ఏం ఉండకూడదండీ. తీసెయ్యండి." అతను దాన్ని జేబులో వేసుకున్నాడు. జేబు కిందికి లాగుతూనే ఉంది, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడాడు, రెండు ఆటలు గెలిచాడు. వెనక నిలబడ్డ బావమరిది గోళ్ళు కొరకడం మానేశాడు.

మూడో ఆట ఒక పళ్ళ డాక్టరమ్మతో. ఇద్దరి కోటలూ చివరి రాయి మీద నిలబడ్డాయి. అతని చేతిలో నిచ్చెన, దివిటీ. నిచ్చెన వేసి వెంటనే దివిటీ వేస్తే ఆమె కోట బూడిద. నిచ్చెన వేశాడు. అంచు సరిగ్గా సర్దాడు. వెలుగుకెత్తి చూసినట్టు ఒక్క క్షణం చూసుకున్నాడు.

"అయింది."

డాక్టరమ్మ తలెత్తింది. "అయిందా అండీ?"

"అయింది."

ఆమె ఒక కార్డు వేసింది. రెండోది వేసింది. అతను నోరు తెరిచాడు, ఒకటే కదా వెయ్యాలి, అని అడగబోయి ఎడమపక్క మూలకి చూశాడు. అక్కడ బల్ల చెక్క తప్ప ఏమీ లేదు. ఆమె మూడోది వేసింది. అతని కోట కూలింది.

బయట మెట్ల మీద బావమరిది పక్కన వచ్చి కూర్చున్నాడు. ఉండబట్టలేక అడిగాడు. "బావా, దివిటీ నీ చేతిలోనే ఉంది కదా?"

"ఉంది."

"మరి?"

"రెండోది వెయ్యకూడదనిపించిందిరా."

"ఎవరు వద్దన్నారు?"

అతను జేబులోంచి తాళంకప్ప తీసి, నొక్కాడు. క్లిక్కుమంది. అప్పుడు గుర్తొచ్చింది, దాని చెవి ఇంకా చెయ్యలేదు.