పరుపు గుడ్డ మీద అమ్మ తిట్లు

నేను అచ్చులు వేస్తాను. చెక్క మీద అక్షరాలు తిరగేసి చెక్కి, రంగు పూసి, గుడ్డ మీదో కాగితం మీదో ఒత్తుతాను. ఈ మాట మా అద్దంకిలో చెబితే "ఓహో, ఫ్లెక్సీలా?" అంటారు. హైదరాబాద్‌లో చెబితే తల పక్కకి వాల్చి "మీ అస్తిత్వాన్ని వెతుక్కుంటున్నారన్నమాట" అంటారు. రెండు చోట్లా మర్యాదగా తలూపడం అలవాటైంది.

మాది దూదేకుల సాయిబుల ఇల్లు. మా నాన్న పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు. ఫోము పరుపులొచ్చాక కొట్టు మూసేసి, మిగిలిన నీలం చారల గుడ్డ అటక మీద పడేశాడు. హైదరాబాద్ గ్యాలరీ ఒకటి నన్ను పిలిచినప్పుడు ఆ గుడ్డ దించి, లోపల దూది పెట్టి కుట్టి, దాని మీద అమ్మ నన్ను రోజూ తిట్టే మాటలు అచ్చు వేశాను. "తిని ఏడవ్వే." "ఎక్కడ చచ్చావే ఇంతసేపూ?" "ముందు ఆ తల దువ్వుకో, దెయ్యంలా ఉన్నావ్." ప్రేమ అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడరు. వీటితోనే సరిపెట్టుకుంటాం.

ప్రదర్శన చూసుకునే క్యురేటర్ గారు దాన్ని చాలాసేపు చూశారు.

"బాగుందండీ. కానీ ఉర్దూ ఏదీ?"

"నాకు రాదండి."

"అయ్యో, పోగొట్టుకున్నారా?"

నేనేదో బస్సులో గొడుగు మర్చిపోయినట్టు జాలిగా అడిగారావిడ. మా నాయనమ్మకీ రాదని, దేవుడితో తప్ప అందరితోనూ తెలుగే మాట్లాడతామని చెప్పాను. ఆవిడకి నచ్చలేదు. ఫోన్ తీసి, అమ్మ తిట్లని ఉర్దూలోకి మార్చి చూపించారు. లిపి ఎంత అందంగా ఉందో! అందులో ఏం రాసుందో మా ఇద్దరికీ తెలియదు.

"ఇది వేస్తే మీ గొంతు వినబడుతుంది."

"నాకే వినబడదండి. వద్దు."

మర్నాటికల్లా నా పరుపు గుడ్డ పెద్ద హాల్లోంచి బాత్‌రూములకి వెళ్లే వరండాలోకి మారింది. పక్కన ఒక చీటీ: 'భాష కోల్పోయినవారి మౌనం'. ఇంత గట్టిగా తిట్టే మౌనాన్ని నేనెక్కడా చూడలేదు. చీటీ పీకి పారేశాను.

ప్రారంభం రోజు అమ్మ వచ్చింది. హాల్లో జనం గడ్డాలు నిమురుకుంటూ తిరుగుతున్నారు. వరండాలో మాత్రం వరసకట్టి నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారన్నది వేరే సంగతి, నిలబడ్డందుకు చదివారు, చదివి నవ్వారు.

అమ్మ కూడా చదివింది. మొహం కందగడ్డయింది.

"ఏమే, ఇంట్లో అన్న మాటలు గోడకెక్కిస్తావా? సిగ్గుందా నీకు?"

ఇంతలో క్యురేటర్ గారు వచ్చి, దణ్ణం పెట్టబోయి ఆగి, "ఆదాబ్" అన్నారు. ఇంకెవరినో పలకరిస్తున్నారనుకుని అమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"మిమ్మల్నేనండి," అన్నారావిడ, నేను నవ్వు ఆపుకుంటున్నానని గమనించకుండా.

"ఆఁ, నమస్తే అమ్మా. ఏంటి ఇంత బక్కగా ఉన్నావ్? అన్నం తింటన్నావా లేదా?"

ఆవిడ "టైముండట్లేదాంటీ," అన్నారు. చాలా రోజుల తర్వాత ఎవరో అడిగినట్టుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా ఆవిడ మీదున్న నా కోపం ఎటుపోయిందో తెలియదు.

అయినా నా పరుపు గుడ్డని హాల్లోకి మార్చలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు తిరుగు బస్సులో పిడుగురాళ్ల దాటేదాకా అమ్మ నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"వాళ్లంతా నవ్వింది నన్నేనా?"

"కాదమ్మా. వాళ్ల అమ్మలు గుర్తొచ్చి."

అమ్మ కిటికీలోంచి వచ్చే ఎండ నా మీద పడకుండా కొంగు అడ్డం పట్టుకుని కూర్చుంది.