పూజగదిలో లాటిన్ వాక్యం

అమెరికాలోని చాండ్లర్‌లో చిప్ కంపెనీ ఇంజనీరు శ్యామ్‌సుందర్ శనివారాలు లైబ్రరీలో కూర్చుని, మధ్యయుగపు మఠాల్లో సన్యాసులు గ్రంథాలకు నకళ్లు రాసినట్టు, ఈక కలంతో లాటిన్ పేజీలు దించుతాడు. లాటిన్ ఒక్క ముక్క రాదు. అయినా చెప్పులు విప్పి, నాలుక కొస బయటపెట్టి మరీ రాస్తాడు, సిరా అంటిన వేలిని తలకు తుడుచుకుంటాడు. ఒక పేజీ అంచున చిన్న వాక్యమేదో మంత్రంలా తోచి, దాన్ని బంగారు సిరాతో రాసి, పటం కట్టించి, పూజగదిలో పెట్టి రోజూ కుంకుమ అద్దుతున్నాడు. స్కూల్లో లాటిన్ చదివే కూతురు మైత్రి నిన్న అది చూసి పగలబడి నవ్వింది.

"డాడీ, ఇది ప్రేయర్ కాదు! 'చలి చంపేస్తోంది, చెయ్యి నొప్పి పుడుతోంది' అని ఎవరో మాంక్ కంప్లైన్ చేస్తున్నాడు."

ఆమె పటం తీయబోతే శ్యామ్‌సుందర్ ఆపాడు.

"ఉండనీ తల్లీ. ఇన్నేళ్లుగా ఈ గదిలో నేను చదివే మంత్రాల్లో అర్థం తెలిసింది ఇదొక్కటే."