టీచరమ్మ కథలో తమ్ముడు

మొన్న సిద్ధగోరాలో మా ఇంటి పాత ట్రంకుపెట్టె తెరిచేసరికి నాఫ్తలీన్ ఉండల వాసన గుప్పుమంది. దాంతోపాటే, టాటానగర్ స్టేషను దగ్గరి బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో ప్రతి బుధవారం మధ్యాహ్నం మా గడప తొక్కే రత్నం టీచరు కట్టుకొచ్చే, అదే వాసనేసే నూలుచీర, ఆవిడ మీద నాకుండే అనుమానం రెండూ గుర్తొచ్చాయి.

నాకప్పుడు పదేళ్లు. వేసవి సెలవుల్లో, యార్డులో వ్యాగన్లు ఢీకొట్టుకునే చప్పుడుకి వంటింట్లో గిన్నెలు గలగలమంటుంటే, ఉప్పూకారం అద్దిన మామిడిముక్క బుగ్గన పెట్టుకుని గచ్చకాయలాడుతూనే ఒక కన్ను మా తలుపు మీద వేసి ఉంచేదాన్ని. టీచరు రాగానే నానమ్మ అడ్డపొగ చుట్ట ఆర్పేసి, తలుపు దగ్గరికి వేసేది. పిల్లలకు చరిత్ర కథలు రాసే టీచరుకి, అక్షరం ముక్క రాని నానమ్మతో ఏం పని? "ఏటి మాటాడుకుంతారో, నన్ను సూడగానే నోరు మూసీత్తారు," అని అమ్మా గొణిగేది. నానమ్మ మెడలో గొలుసు మీద టీచరు కన్నుపడిందనుకున్నాను. ఆవిడ వెళ్లగానే గొలుసు ఉందో లేదో తడిమి చూసేదాన్ని.

ఒక బుధవారం ఆట మధ్యలో లేచి కిటికీ కింద నక్కాను. లోపల నానమ్మ ఏడుస్తోంది.

"మూట జారిపోతందని ఆడి సెయ్యొదిలీసినాను టీచరమ్మా."

తలెత్తి చూస్తే టీచరు ఓదార్చడం మాని రాసుకుంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఆదివారం ఆవిడ కాలనీ పిల్లలందరినీ తన వరండాలో కూర్చోబెట్టి, తలా గుప్పెడు మరమరాలు పోసి, కొత్త కథ చదివింది. యుద్ధం రోజులట. విమానాలొచ్చి బాంబులేస్తాయని జనం టాటానగర్ స్టేషన్‌కి పరుగెడుతున్నారు. అమ్మానాన్నలు సామాన్లతో ముందు పోతుంటే, తొమ్మిదేళ్ల పిల్ల ఒక చేత్తో అటుకుల మూట, ఇంకో చేత్తో తమ్ముడు రాజును పట్టుకుని ఆ తొక్కిసలాటలో నలిగిపోతోంది. మూట జారింది. అందుకోబోయి తమ్ముణ్ణి వదిలేసింది. మేమంతా నమలడం మానేశాం. చివరికి ఒక గార్డు ఆ పిల్లాణ్ణి భుజాన వేసుకొచ్చి అక్కకు అప్పగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఇంటికి పరుగెత్తాను.

"నానమ్మా, టీచరు నీ మాటలు చోరీ చేసీసింది! అందరికీ సదివీసింది!"

నానమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "చోరీ ఏటే? నానే రాయమన్నాను."

"మరి నీ తమ్ముడు దొరికినాడా?"

"కతలో దొరికినాడు గదే."

"నిజంగా?"

ఆమె చెయ్యి చేటలో ఆగిపోయింది. "నిజంగా దొరకలేదనే గదా, కతలో దొరికినట్టు రాయమన్నాను."

నేనూ పక్కన కూర్చుని రాళ్లు ఏరాను. తరువాతి బుధవారం టీచరుకి నేనే తలుపు తీసి పీట వేశాను.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. నానమ్మ లేదు, టీచరూ లేదు, ఆవిడ నోటుపుస్తకాలు ఏమయ్యాయో చెప్పేవాళ్లూ లేరు. నిన్న మా అమ్మాయికి ఈ సంగతంతా చెబితే, శ్రద్ధగా విని, "ఉస్కా అస్లీ నామ్ క్యా థా?" అని ఆ తమ్ముడి అసలు పేరు అడిగింది.

రాజు అన్నది టీచరు కథలో పెట్టిన పేరు. అసలు పేరు నానమ్మ ఒక్కదానికే తెలుసు. నేను ఏనాడూ అడగలేదు.