మూడు పూతల సున్నం

మొన్న మా ఇంటికి రంగులు వేయించాం. పెయింటరు డబ్బా మూత తీస్తుంటే నేను పక్కనే నిలబడి వాసన కోసం కాసేపు ఎదురుచూశాను. రాలేదు. "వాసన రాదమ్మగారూ, అదే దీని గొప్ప" అన్నాడతను, ఆ వాసన రాకుండా తనే ఆపినట్టు. పెరటి గోడకు మాత్రం మామూలు సున్నం చాలన్నాను. ఎక్కడెక్కడో తిరిగి ఒక సంచి పిడుగురాళ్ల సున్నపురాయి తెచ్చి, పాత డ్రమ్ములో వేసి, నీళ్ళు గుమ్మరించాడు. రాయి బుసకొట్టింది, నీళ్ళు పొయ్యి లేకుండానే తెర్లాయి, ఆవిరితో పాటు గొంతు పట్టుకునే ఆ ఘాటు లేచింది. అంతే, నాకు పదేళ్ళు నిండీ నిండని ఒక డిసెంబరు నెల పెరట్లోకి వచ్చి నిలబడింది. నేను పిలవలేదు.

అది యాభైల చివర. నరసరావుపేటలో కోటప్పకొండకు పోయే రోడ్డు పక్కన మిషను కాంపౌండులో ఒక పొడవాటి పెంకుటిల్లు ఉండేది. గేటు మీద బోర్డులో 'వృద్ధ స్త్రీల విశ్రాంతి గృహము' అని ఉన్నా, ఊరంతా దాన్ని అవ్వల ఇల్లు అనే అనేది. పది మంచాలు, పది రేకు పెట్టెలు, పది చెంబులు. ఊళ్ళెంట తిరిగి సువార్త చెప్పి మోకాళ్ళు అరిగినవాళ్ళు, ఆస్పత్రిలో కట్లు కడిగి కడిగి చేతులు బిగుసుకుపోయినవాళ్ళు, అయినవాళ్ళెవరూ మిగలని విధవలు అక్కడ ఉండేవారు. ఒంటిపూట బడి అయ్యే శనివారాల్లో మమ్మల్ని అక్కడికి తోలేవారు. సండేస్కూలు టీచరు పలకలు పంచినట్టు ఒక్కో పిల్లకు ఒక్కో అవ్వను పంచింది. వాక్యం చదివి వినిపించడం, సూదిలో దారం ఎక్కించడం, కార్డు ముక్క రాసిపెట్టడం, వాళ్ళు చెప్పింది వినడం మా పని. చివరిదే కష్టం, ఎందుకంటే వాళ్ళు చెప్పింది పోయిన శనివారమూ చెప్పి ఉండేవారు.

నా వాటాకు కిటికీ పక్క మంచం సంతోషమ్మవ్వ వచ్చింది. ఆ పేరు పెట్టినవాళ్ళు ఆమె మొహం చూసి పెట్టి ఉండరు. నల్లగా, సన్నగా, ఎండిన కందికట్టెలా ఉండేది. నవ్వడం అన్నది తనకు సంబంధించిన వ్యవహారం కాదన్నట్టు ఉండేది. మొదటి శనివారం నన్ను ఎగాదిగా చూసి, "ఏందే, మాస్టారి కూతురువా? నీ చేతులు శుభ్రంగా ఉండాయా?" అంది. చూపించాను. "లేవు. పోయి కడుక్కొనిరా" అంది. మా స్నేహం అలా మొదలైంది.

ఆ రెండేళ్ళూ నాకు రుతువులు ఆ కిటికీలోంచే తెలిసేవి. వేసవిలో పెంకుల మీంచి దిగే వేడికి అవ్వలందరూ తడి గుడ్డలు నెత్తినేసుకుని వరండాలో వరసగా కూర్చుని, ఒకరి మీద ఒకరు మేట్రనుకు చాడీలు చెప్పుకునేవారు. వానాకాలంలో కొత్తగా దున్నిన నల్లరేగడి వాసన మంచాల దాకా వచ్చేది. మాఘమాసంలో రోడ్డుకవతల కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు అందరూ ఒకేసారి తుమ్మితే, మధ్యాహ్నపు ప్రార్థన తుమ్ములతోనే ముగిసేది. క్రిస్మసుకు మా ఇంటినుంచి అరిసెలు, నూనెలో వేయించిన గులాబీ పువ్వులు పట్టుకెళ్తే, పళ్ళు లేని నోట్లో అరిసె ముక్కను అటూ ఇటూ తిప్పుతూ, "మీయమ్మకు పాకం పట్టడం రాదే" అనేది అవ్వ. మూడో అరిసె కూడా అలాగే విమర్శిస్తూ తినేది. ఏరిపెట్టుకున్న చింతగింజలతో వామనగుంటలు ఆడేవాళ్ళం. నేను కిటికీలోంచి చూసినప్పుడల్లా నా గుంటలో ఒకటో రెండో గింజలు తగ్గేవి. నేను నిలదీస్తే ఆమె మొహంలో ఏమీ కదిలేది కాదు, కనురెప్పతో సహా. "నువ్వే లెక్క తప్పావే" అనేది. రెండు నిమిషాల్లో నిజంగా నేనే తప్పానని నమ్మేదాన్ని. ఆ మొహం గురించి నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఆ ఇంటికి ఒక నియమం ఉండేది. పాత ఆచారాలు విడిచినవాళ్ళకే చోటు. అంతకుముందు సంవత్సరం ఒక అవ్వ మోకాలి నొప్పికి ఎవరో ఇచ్చిన తాయెత్తు కట్టుకుందని, ఆమెను పెట్టెతో సహా బండెక్కించి మాచర్ల అవతల మరిది ఇంటికి పంపేశారు. మూడో నెలలో ఆమె పోయిందని కబురొచ్చింది. ఆ మంచం మీద వేరే అవ్వ వచ్చింది. తాయెత్తు సంగతి ఎవరూ మాట్లాడేవారు కాదు గానీ, స్నానం చేసినప్పుడల్లా ప్రతి అవ్వా మేట్రను దీనమ్మగారికి తన మోకాళ్ళు కనిపించేట్టు జాగ్రత్తపడేది.

ఆ ఏడు శివరాత్రి శనివారం పడింది. మధ్యాహ్నం నుంచే రోడ్డు మీద కోటప్పకొండ తిరునాళ్ళకు పోయే బండ్ల మోత, కొమ్ముబూరలు, పిల్లల ఈలలు. చీకటి పడకముందే ఒక ప్రభ వచ్చింది. వెదుళ్ళు కట్టి, రంగు గుడ్డలూ కాగితాలూ అతికించి, గంటలు వేలాడదీసిన అంత ఎత్తు చట్రాన్ని బండి మీద నిలబెట్టి ఎడ్లు లాగుతుంటే, పడకుండా నాలుగు పక్కలా మనుషులు తాళ్ళు పట్టుకుని నడుస్తున్నారు. మేము చూడకూడదు గనక కిటికీ రెక్క ఓరగా వేసుకుని చూశాం. అవ్వ కిటికీ చువ్వ పట్టుకుని ఉంది. గంటలు దూరమయ్యాక, ప్రభ పోయిన వైపే చూస్తూ అంది:

"నా పేరు సంతోషమ్మ కాదే."

"మరేంది?"

"కోటమ్మ. మాయమ్మకు ముగ్గురు పోయాక, కొండకు మొక్కుకుంటే పుట్టానంట. మా ఊళ్ళో ప్రతి ఇంట్లో ఒక కోటమ్మో, ఒక కోటయ్యో. తర్వాత మా అత్తోళ్ళందరూ ఒక్కసారే బాప్తిస్మం తీసుకున్నారు. దొరసాని నా నెత్తి మీద చెయ్యి పెట్టి సంతోషమ్మ అంది. ఆ పూట నాకు చలిజొరం. సంతోషమూ లేదు, పాడూ లేదు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"దేవుడితో నాకేం తగువు లేదే. ఆ కొండ నాకేమీ అక్కర్లేదు. కాకపోతే ఆ పేరుతో పిలిచేవోళ్ళు ఒక్కొక్కళ్ళే పోయారు. చివరికి మా చెల్లెలుండేది, నిరుడు అదీ పోయింది. ఎవరూ లేనప్పుడు నువ్వు ఒక్కసారి పిలు."

పిలిచాను. "కోటమ్మవ్వా." రెండోసారి పిలవమంది. మూడోసారి నేనే పిలిచాను. ఆ మొహంలో ఏదో కదిలింది. నవ్వు అని ప్రమాణం చేయలేను గానీ, దానికి దగ్గరి చుట్టమే.

తర్వాతి శనివారం వంటింట్లోంచి ఒక బొగ్గు ముక్క కొంగున ముడేసుకుని వచ్చింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. తన పేరు ఎట్లా ఉంటుందో ఎప్పుడూ చూడలేదట. మంచం పక్కకు జరిపి, తలవైపు గోడ మీద, జానెడంత అక్షరాలతో 'కోటమ్మ' అని రాశాను. అప్పుడే ఫస్టుఫారంలో, అంటే ఆరో తరగతిలో, చేరబోతున్న దర్పంతో, మకారం తోకకు కొంచెం అలంకారం కూడా చేశాను. ఆమె వేలితో తాకకుండా, గాల్లోనే ఆ గీతల వెంట వేలు తిప్పింది. "ఇంత చిన్నదా?" అంది. మళ్ళీ మంచం గోడకు జరిపేశాం. తల పెట్టుకునే చోటే పేరు, మధ్యలో దిండు. "ఎవరికీ చెప్పమాకే, తల్లీ. నన్నూ బండెక్కిస్తారు" అంది.

తొమ్మిది నెలలు చెప్పలేదు. నన్ను ఎరిగినవాళ్ళకు ఇది ఎంత ఘనకార్యమో తెలుసు. మా గేదె నా లెక్కల పుస్తకం తిని, ఆ రాత్రంతా ఎక్కాలు అరిచిందని లెక్కల మాస్టారికి చెప్పిన చరిత్ర నాది. నా నోట వచ్చిన ప్రతి మాటకూ ఊళ్ళో సగం తరుగు తీసి నమ్మేవారు. అలాంటి దాని దగ్గర ఒక నిజమైన రహస్యం ఉండడం, అదీ ఒక పెద్ద మనిషి నమ్మి ఇచ్చింది, చేతిలో నిప్పు పట్టుకున్నట్టే ఉండేది.

నవంబరులో ఒక సాయంత్రం అమ్మ నా తల దువ్వుతూ, "ఆ ముసలామె ఎవరితోనూ మాట్లాడదు, నీతో ఏం మాట్లాడుద్దే?" అంది. మురిపెంగా అడిగింది. అక్కడే పడిపోయాను. ముందు ఒట్టు వెయ్యమన్నాను. "మనం ఒట్లు వెయ్యకూడదమ్మా, మన మాటే ఒట్టు" అంది. పక్కింటి కోమట్ల అమ్మాయి తన తల్లి చేత నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని ఎన్ని రహస్యాలు కాపాడుకుందో నాకు తెలుసు. ఒట్టు వెయ్యకూడదన్న నియమంలో ఉన్న సౌకర్యం నాకు ఆ తర్వాత అర్థమైంది. చెప్పాను. గోడ సంగతి కూడా.

అమ్మ స్త్రీల సమాజం కార్యదర్శి. మాట తప్పే మనిషి కాదు. మా వాళ్ళలో ఎదుటివాళ్ళ సంగతులు మాట్లాడుకోవడం పాపం. అయితే ప్రార్థన మనవి అని ఒకటి ఉంది, అది పాపం కాదు. గురువారం సమావేశంలో అమ్మ లేచి, కళ్ళు తుడుచుకుని, "పేరు చెప్పను గానీ, మన అవ్వల ఇంట్లో, కిటికీ పక్క మంచంలో ఉండే ఒక అక్క పాత పేరు మీద మమకారం చంపుకోలేక నలిగిపోతా ఉంది, గోడ మీద కూడా రాయించుకుందంట, ఆమె కోసం భారంగా ప్రార్థించండి" అంది. ముప్ఫై మంది భారంగా ప్రార్థించారు. ప్రార్థన మొత్తంలో పేరు రాలేదు. అమ్మ చివరిదాకా అదే అనేది, "నేను పేరు చెప్పలా గదే!"

శనివారం నేను వెళ్ళేసరికి మంచం గది మధ్యలో ఉంది. దీనమ్మగారు, పాస్టరయ్యగారు, ఇద్దరు సంఘపెద్దలు, వెనక మా అమ్మ. గోడ మీద నా అక్షరాలు, మకారం అలంకారంతో సహా. అవ్వ రేకు పెట్టె మీద కూర్చుని ఉంది. ఆ పెట్టెను మంచం కిందనుంచి ఎవరు లాగారో గానీ, అప్పటికే గుమ్మం దగ్గర ఉంది.

"ఇది నువ్వే రాయించుకున్నావా, సంతోషమ్మా?" అన్నారు అయ్యగారు, మెత్తగానే.

అవ్వ గోడవంక చూసింది. నావంక చూసింది.

"నాకు సదువేడ వచ్చయ్యా? అదేందో గీతలనుకున్నా. ఆ పిల్లే గీకింది. అది చానా కథలు చెబుద్దయ్యా, మీరూ ఎరుగుదురు గదా."

మొహంలో ఏమీ కదలలేదు. కనురెప్పతో సహా.

నేను "అవ్వా" అన్నాను. తర్వాత, అంతమందిలో, "కోటమ్మవ్వా" అన్నాను. తిరుగుతుందనుకున్నాను.

"సూడండయ్యా, ఇంకా ఎగతాళి" అంది.

ఎవరికీ అనుమానం రాలేదు. చేతివ్రాత నాది, అమ్మకు చెప్పిన నోరు నాది, చరిత్ర నాది. ఎంతైనా గేదె చేత ఎక్కాలు చదివించిన పిల్లను కదా. మా అమ్మ నోరు తెరిస్తే నేను బతికేదాన్ని. కానీ సమావేశంలో అన్నది అబద్ధమంటే తనకు తంటా, నిజమంటే అవ్వకు తంటా; అమ్మ నేల చూసింది. అవ్వ పెట్టె గుమ్మం దగ్గరనుంచి మళ్ళీ మంచం కిందికి పోయింది. నన్ను ఆదివారం మిషను గుడిలో నిలబెట్టి క్షమాపణ చెప్పించారు. శిక్షగా, క్రిస్మసు సున్నాలప్పుడు ఆ గోడకు నేనే సున్నం వెయ్యాలన్నారు.

వేశాను. పిడుగురాళ్ల సున్నం, తుమ్మజిగురు, ఇంత నీలిమందు, నార కుంచె. చేతులు పొక్కాయి. సున్నం పూసినవాళ్ళకే తెలిసిన సంగతొకటుంది: తడిగా ఉన్నంతసేపూ అది కింద ఉన్నదాన్ని దాచదు. మొదటి పూత కింద 'కోటమ్మ' ముందుకన్నా నల్లగా, కడిగినట్టు కనిపించింది. ఆరేకొద్దీ తెల్లబడి, సరిగ్గా తెలిసినవాళ్ళు వెతికితే దొరికేంత పల్చటి నీడగా నిలిచింది.

అవ్వ వెనక మంచం మీద కూర్చుని ఉంది. గదిలో మిగతావాళ్ళు ఎండ కాచుకోవడానికి వరండాలోకి పోయారు.

"పల్చగా పూయవే, తల్లీ" అంది, గోడకు తప్ప వినపడకుండా.

నేను వెనక్కి తిరగలేదు. మొదటి పూత ఆరేదాకా ఆగి రెండోది వేశాను. అది ఆరాక, చిక్కగా కలిపి, మూడోది. మిగతా గోడలకు ఎవరూ రెండు కంటే వెయ్యలేదు. దీనమ్మగారు చూసి, పిల్ల నిజంగా మారిందని మెచ్చుకుంది.

తర్వాత శనివారం నాకు వేరే అవ్వను ఇచ్చారు. ఆమెకు చెవుడు, ఇద్దరికీ క్షేమం. సంతోషమ్మవ్వ కిటికీ వైపు నేను వెళ్ళలేదు. నేను ఆ దారిన పోతుంటే వామనగుంటల చెక్క ఒళ్ళో పెట్టుకుని గింజలు తీసి వేసేది, ఎదురుగా ఎవరూ లేకపోయినా. మూడేళ్ళకు, నేను గుంటూరు హాస్టల్లో ఉండగా పోయింది. సెలవులకు వచ్చి చూస్తే సమాధి రాయి మీద సంతోషమ్మ అని చెక్కి ఉంది. తన మంచం మీదే పోయిందని చెప్పారు. బండెక్కలేదు.

ఇప్పుడక్కడ అవ్వల ఇల్లు లేదు. సెల్‌ఫోన్ల షాపులూ, పైన కోచింగు సెంటరూ. కల్లాలు లేవు, మిరపకాయల తుమ్ములు లేవు. ప్రభలు ఇంకా ఆ రోడ్డునే పోతాయి, కరెంటు లైట్లతో, మునుపటికన్నా ఎత్తుగా. కానీ చూడకూడదని కిటికీ ఓరగా వేసుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఆ గోడ పడగొట్టినప్పుడు ఇటుకల మీద నా మూడు పూతలూ, వాటిమీద ఇంకెన్నో పూతలూ పెచ్చులుగా ఊడి ఉంటాయి. కిందిది ఎవరైనా చదివారో లేదో.

పెరట్లో సున్నం చల్లారింది. పెయింటరు కుంచె ముంచి నన్నడిగాడు. "ఎన్ని పూతలు వెయ్యమంటారమ్మగారూ? మూడేస్తే మచ్చ కూడా కనపడదు."

"ఒకటి చాలు," అన్నాను. "పల్చగా వెయ్యి."