ఎనిమిదీ ఇరవై నెల్లూరు బస్సు

మొన్న మంగళవారం పొద్దున నంద్యాల బస్టాండులో కూర్చుని ఉన్నాను. వాన అప్పుడే వెలిసింది. ఎదురుగా ఒక బస్సు ఇంజను స్టార్టు చేశారు. తడి నేల మీద పరుచుకున్న డీజిలు పొగ ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతటదే పైకి లేచింది, గడియారం చూసుకోవడానికి. ఏడూ నాలుగు. నాకు ఆ బస్సుతో పని లేదు. పక్కన కూర్చున్నామె, ఈ పొద్దన్నా వేళకు కదిలిందని సంతోషపడింది. నాలుగు నిమిషాలు ఆలస్యమని నేను చెప్పాను. ఆమె కొంచెం జరిగి కూర్చుంది. ఈ అలవాటు నాకు నేర్పిన మనిషి మహబూబ్ సాబ్. ఆయనను ఎరిగినవాళ్ళు ఇప్పుడు నేను కాక ఇద్దరో ముగ్గురో ఉంటారు.

కండక్టరుగా పనిచేసే నా భర్త జ్వరంతో పోయిన ఏడాదికి నాకు ఆళ్ళగడ్డ బస్టాండులో ఉద్యోగం ఇచ్చారు. డెబ్బై ఆరు, జూన్. నాకు ఇరవై ఏడేళ్ళు, వెనకా ముందూ ఎవరూ లేరు. మహబూబ్ సాబ్ అక్కడ కంట్రోలరు. ఏ బస్సు ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని గంటలకు పోయింది రిజిస్టరులో ఎక్కించడం ఆయన పని, ఆయనకు సాయం చేయడం నా పని. వేళకు రాని డ్రైవరుకు మెమో వస్తుంది కనుక, దారి పొడవునా కంట్రోలర్లు బస్సు ఎప్పుడు వచ్చినా 'రైట్ టైం' అనే రాసేవారు. దాన్ని ఎవరూ అబద్ధం అనుకునేవారు కాదు. ఎదురుపడితే నమస్కారం పెట్టినట్టు అదొక మర్యాద. చేరిన మొదటి రోజు నేనూ అలాగే రాశాను. సాబ్ వచ్చి చూశారు.

"ఈ బస్సు వచ్చేది నువ్వు చూసినావా?"

"కండక్టరు చెప్పినాడు సార్, రైట్ టైమని."

"ఆయప్ప నోరు మన రిజిస్టరులో ఎందుకు? నీకు కండ్లు ఉండాయి గదా. అవి చూసింది రాయి."

ఆయన మాత్రం చూసిందే రాసేవారు, నిమిషంతో సహా. అందుకు డ్రైవర్లకు ఆయనంటే కోపం. సాబుకు పెండ్లాం కన్నా గడియారమే ముద్దని ఆయన వినేటట్టే అనేవారు. ఆమె అయితే నన్ను రైట్ టైముకు తిననీదప్పా అని ఆయన తల ఎత్తకుండానే జవాబు చెప్పేవారు.

ఆయన పట్టుదలకు కారణం ఉంది. నంద్యాల నుంచి వచ్చే బస్సు మా దగ్గరికి ఎనిమిదీ పదికి చేరాలి. మా స్టాండు నుంచి నెల్లూరు బస్సు ఎనిమిదీ ఇరవైకి బయలుదేరాలి. కాగితం మీద పది నిమిషాల వ్యవధి. కానీ నంద్యాల దాటేలోపే ఆ వేళకు రైలు గేటు పడేది. బస్సు వచ్చేసరికి ఎనిమిదీ ముప్పై అయ్యేది, ముప్పై అయిదూ అయ్యేది. నెల్లూరుకు మళ్ళీ బస్సు మధ్యాహ్నమే. సాబ్ రెండు మూడు సార్లు నెల్లూరు బస్సును పట్టి ఉంచి ఆయనే మెమో తెచ్చుకున్నారు. ఆ బస్సును ఎనిమిదీ నలభైకి మార్చమని పై ఆఫీసుకు అర్జీలు పెట్టారు. నిజం రాస్తూ పోతే ఒకనాటికి ఎవరో ఒకరు చదువుతారని ఆయన నమ్మకం.

అలా బస్సు తప్పిపోయేవాళ్ళలో నాకు బాగా గుర్తున్నది సుంకమ్మ. నంద్యాల అవతలి ఆత్మకూరులో విస్తరాకులు కుట్టేది. ఆమె కూతురికి తొమ్మిదేళ్ళు, ఒళ్ళంతా నీరు పట్టి ఉబ్బేది. నెల్లూరులో ఒక డాక్టరు నెలకొకసారి రమ్మన్నాడు. ఆయన సాయంత్రం నాలుగు దాకానే చూస్తాడు. ఎనిమిదీ ఇరవై బస్సు దొరికితే చూపించుకోవచ్చు, మధ్యాహ్నం బస్సుకు పోతే తలుపు వేసి ఉంటుంది. ఆత్మకూరు మొదటి బస్సుకు ఎక్కినా నంద్యాలలో ఆమెకు దొరికేది ఆ గేటు దగ్గర ఆగే బస్సే. ఏడు నెలల్లో ఆమెకు నెల్లూరు బస్సు రెండుసార్లు అందింది. తక్కిన అయిదుసార్లు పిల్లను మా బల్ల మీద పడుకోబెట్టి, కాసేపు కూర్చుని వెనక్కి పోయింది.

డెబ్బై తొమ్మిదిలో సాబ్ కంటి ఆపరేషనుకు కర్నూలు వెళ్ళారు. నెల రోజుల సెలవు. రిజిస్టరు నా చేతిలో పెట్టి, చూసిందే రాయమ్మా అని మాత్రం చెప్పి పోయారు. మరుసటి రోజు, ఒకటో తేదీన, నంద్యాల బస్సు డ్రైవరు ఓబులేసు నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ నవ్వించే మనిషి ఆ రోజు నవ్వలేదు.

"అక్కా, ఇప్పటికే రెండు మెమోలు వచ్చినాయి. మూడోది వస్తే ఇంటికి పంపుతారు. గేటు పడితే నేనేం జేతు, ఎగిరి దుంకేదా? సాబ్ వచ్చే దాకా రైట్ టైం గీయక్కా. మా అన్న ఉంటే రాయడా?"

మా అన్న అని అతను అన్నది నా భర్తను. వాళ్ళిద్దరూ ఒకే బస్సులో పనిచేసినవాళ్ళు. నేను రాశాను. ఆ నెలలో ఆ బస్సు నడిచింది ఇరవై ఆరు రోజులు. ఇరవై ఆరు రోజులూ ఎనిమిదీ పది అనే రాశాను. నెలాఖరున ఎప్పటిలాగే నకలు పై ఆఫీసుకు పంపాను.

సాబ్ నల్లకళ్ళద్దాలతో తిరిగి వచ్చిన వారానికి ఆయన పేర ఉత్తరం వచ్చింది. ఆయనకు ఇంకా చదవడం కుదరక నన్ను చదవమన్నారు. అర్జీ అందింది, ముందుగా తెలిపిన ప్రకారం గత నెల రిజిస్టరు పరిశీలించాము, నంద్యాల బస్సు ప్రతి రోజూ వేళకు చేరుతున్నది, నెల్లూరు బస్సు వేళ మార్చవలసిన అవసరం లేదు. చదవడం అయ్యాక కూడా నేను కాగితం దించలేదు.

"ఎన్ని దినాలు రాసినావు?"

"ఇరవై ఆరు సార్."

"ఒక్క దినం గూడా చూసింది రాయలేదా?"

లేదన్నాను. ఆయన సొరుగు లాగి ఇంకో ఉత్తరం తీసి బల్ల మీద పెట్టారు. ఆ నెల రిజిస్టరు చూసి తేలుస్తామని, ఆయన సెలవుకు ముందే వచ్చిన ఉత్తరం.

"ఇది నీకు చెప్పకుండా పోతి. చెప్తే ఈ ఒక్క నెలకని చూసి రాస్తావు. ఎప్పుడూ చూసే రాయాల గదా అనుకుంటి." ఉత్తరాన్ని మళ్ళీ సొరుగులో పెట్టి అన్నారు. "ఇప్పుడు ఆ రాత తప్పని నేను రాస్తే నీ ఉద్యోగం పోతాది. రాయకపోతే ఆ బస్సు పోతాది. బస్సే పోనీలే."

రాయండి సార్ అని నేను అనాలి. అనలేదు. ఉద్యోగం పోతే నాకు పోవడానికి ఒక ఇల్లు లేదు. ఆ మాట నా నోటి నుంచి వస్తుందేమోనని ఆయన కొంచెంసేపు ఆగినట్టే నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

సుంకమ్మ ఆ తరువాత మూడు నెలలు వచ్చింది. మూడుసార్లూ బస్సు అందలేదు. పిమ్మట కొన్నాళ్ళు కనిపించలేదు. ఎండాకాలంలో ఒంటరిగా, విస్తరాకుల కట్టతో, ఆళ్ళగడ్డలో ఎవరి పెళ్ళికో ఇవ్వడానికి వచ్చింది. నెల్లూరు బస్సు పోయిందా అని అడగలేదు. పాప ఎట్లుందని నేనే అడిగాను.

"పోయిందమ్మా, కార్తీకంలో. ఇంగ నాకు నెల్లూరుతో ఏం పనుండాది."

ఆ బస్సు అందితే పిల్ల బతికేదని నేను చెప్పలేను. బతికేది కాదనీ చెప్పలేను. నాకు రాని లెక్క అది ఒక్కటే. సాబ్ ఆమె మాట కిటికీ లోపల నుంచి విన్నారు. నాతో ఏమీ అనలేదు, ఎనభై మూడులో రిటైరయ్యే దాకా అనలేదు. ఆ నెల మెమో తప్పింది, తరువాత వేరే రూటుకు మారడంతో ఓబులేసు ఉద్యోగం నిలిచింది. నేను మాత్రం ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి బస్సునూ చూసి, నిమిషంతో సహా రాశాను. ఏ నెల రిజిస్టరునూ మళ్ళీ ఎవరూ పరిశీలించలేదు. ఆ ఇరవై ఆరు రోజులూ బస్సు నిజంగా ఎప్పుడు వచ్చిందో, రాయకపోయినా, నేను చూశాను. ఒకటో తేదీ ఎనిమిదీ ముప్పై రెండు. రెండున ఎనిమిదీ ఇరవై తొమ్మిది. మూడున ఎనిమిదీ ముప్పై ఆరు. చివరి దాకా చెప్పగలను.