ఖానాపూర్ నుంచి వచ్చిన మరాఠీ పిల్ల

డిగ్రీలో చేరిన ఏడాది నేను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారిపోయాను. రైలెక్కలేదు, బస్సెక్కలేదు. నెట్ సెంటర్‌లో కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, ఒక్క మాటతో మారిపోయాను. దానివల్ల ఫీజు మాఫీ పోబోయింది, సీటు ఊడబోయింది, మా బాపుకు మూడు రోజుల పని నిజంగానే పోయింది. భీవండిలో ఉన్న ఒక పెద్దావిడ నా గురించి ఏమనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. అంతా చెబుతాను. మీరు మొహమాటపడకుండా నవ్వండి. అప్పట్లో నాతో కలిసి నవ్వడానికి పక్కన ఎవరూ లేక, ఆ నవ్వు అలాగే మిగిలిపోయింది.

నా పేరు రూతు. మాది నిర్మల్ జిల్లా ఖానాపూర్. బాపు పొలం పనులకు పోతాడు, అవ్వ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఇంటర్‌లో మార్కులు బాగా వచ్చేసరికి, కరీంనగర్‌లో చదివించాలని బాపు పట్టుబట్టాడు. దరఖాస్తు కూడా కరీంనగర్‌లోనే నింపాలన్నాడు. "పెద్ద పట్నం బిడ్డా, గాడున్నోళ్లు తప్పు లేకుంట నింపుతరు" అని ఆయన నమ్మకం. దయచేసి ఈ మాట దగ్గర మీరు ఒక్క క్షణం ఆగండి. మా బాపు జీవితంలో నమ్మి చెడిన సందర్భాలు తక్కువ. వాటిలో ఇది మొదటిది.

అలా సీటు రాకముందే కరీంనగర్‌లో మా చిన్నమ్మ అద్దె గదిలో దిగాను. చిన్నమ్మ ఒక ఆస్పత్రిలో ఆయా. పొద్దున్నే పోయేది, సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని, "తిన్నవా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోగా నిద్రపోయేది. ఆమెను తప్పుపట్టను, ఆ పని అలాంటిది. కానీ ఇరవై రోజుల పాటు నేను రోజుకు మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టుకునేదాన్ని. ఒకరోజు తొమ్మిది వచ్చాయి. అందులో నాలుగు పిల్లితో.

ఆ గల్లీలో నన్ను ఎవరు పలకరించినా ఒకటే ప్రశ్న. ఇంటి ఓనరమ్మ అడిగింది: "లోకలా, నాన్‌లోకలా?"

"లోకల్ గాదు అత్తమ్మా, ఖానాపూర్."

"గట్లనా" అని తలుపు వేసేసుకుంది. కిరాణా కొట్టులో అడిగారు, నల్లా దగ్గర అడిగారు. ఎక్కడ అడిగినా నా జవాబు అదే, ఆ తర్వాత తలుపు మూసుకోవడమూ అదే. వారం తిరిగేసరికి ఆ ప్రశ్న వినపడితే చాలు, హాజరు పలికినట్టు "నాన్‌లోకల్" అని నోటి నుంచి దానంతటదే వచ్చేది.

దరఖాస్తు రోజు వచ్చింది. నెట్ సెంటర్ అన్న కంప్యూటర్ మీది నుంచి తల ఎత్తకుండా అడుగుతున్నాడు.

"పేరు?"

"రూతు."

"బాపు పేరు?" చెప్పాను. "లోకలా, నాన్‌లోకలా?"

"నాన్‌లోకల్ అన్నా."

ఆయన మొదటిసారి తల ఎత్తాడు. "పక్కానా?"

"పక్కా అన్నా. వచ్చి ఇరవై దినాలే అయితుంది."

ఎంత నిజాయితీగా చెప్పానో చూడండి! నా వెనక పదిహేను మంది నిలబడి ఉన్నారు, ఆయన మళ్లీ అడగలేదు. ఆ కాగితంలో లోకల్ అంటే గల్లీ సంగతి కాదు, రాష్ట్రం సంగతి అని నాకు చెప్పేవాళ్లు లేరు. మన దగ్గరి బడుల్లోనే చదివి పెరిగిన పిల్లలు లోకల్. సీట్లు ముందు వాళ్లకు, ఫీజు మాఫీ కూడా వాళ్లకే. నేను నిండుగా ఆ లెక్కలోకి వచ్చేదాన్ని. ఒక్క నొక్కుతో బయటికి వచ్చేశాను.

నా మార్కుల పుణ్యమా అని చివరి విడతలో ఎలాగో సీటు వచ్చింది. కాగితాలు పట్టుకుని కాలేజీ ఆఫీసుకు పోయాను. అక్కడ ప్రవేశాలు చూసే సరోజన మేడం కళ్లద్దాలు సర్దుకుని నా కాగితం చదివింది.

"నాన్‌లోకలా నువ్వు? ఎక్కడికెళ్లి వచ్చినవమ్మా?"

"ఖానాపూర్ మేడం."

"ఖానాపూర్... ఆఁ, మహారాష్ట్రల ఉంటది. మా మరిది గాడ నౌకరి చేసిండు."

"గది గాదు మేడం, మన ఖానాపూర్."

"ఎవల ఊరు వాళ్లకు మనదే ఉంటది బిడ్డా" అని ఆమె ప్రేమగా నవ్వింది.

"ఇంటర్ గూడ నేను ఈడనే—"

"ఇంటర్ ఒక్కటి ఈడ చదివితె లోకల్ గారు. ఆరో తరగతికెళ్లి ఏ బడిల చదివినవో కాయిదాలు కావాలె. లేకుంటె ఇన్నేండ్లు ఈడనే ఉన్నట్టు తహసీల్ ఆఫీసోళ్లు రాసియ్యాలె. రెండూ లేకుంటె ఫీజు మొత్తం కట్టుడే. సమజైందా?" అని, నాకు అర్థం కాలేదేమోనని మళ్లీ నెమ్మదిగా హిందీలో, "సమఝ్ మే ఆయా?" అంది.

నేను నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఆమె పక్క టేబుల్ సారు వైపు తిరిగింది. "తెలుగు చూడుండ్రి సార్, ఎంత మంచిగ మాట్లాడుతుందో! పాపం, ఎంత దూరంకెళ్లి వచ్చిందో ఒక్కతే. ఓ రాజయ్యా, గీ పిల్లకు జర కుర్సీ ఎయ్యి. చాయ్ తాగుతవా బిడ్డా?"

అయ్యా, అమ్మా, నా అసలు తప్పు నెట్ సెంటర్‌లో జరగలేదు. ఇక్కడ జరిగింది. "మాది నిర్మల్ జిల్లా" అని మూడు మాటలు అంటే అయిపోయేది. కానీ నెల రోజుల్లో నన్ను ఎవరూ "పాపం" అనలేదు, కుర్చీ వేయలేదు. ఆ చాయ్‌లో అల్లం కూడా వేశారు. నేను ఆ మూడు మాటలను చాయ్‌తో పాటు మింగేశాను.

చిన్నమ్మ గది వదిలి కాలేజీ హాస్టల్లో చేరాను. వారంలో హాస్టల్ అంతా తెలిసిపోయింది. ఖానాపూర్ రూతు అయితే ఏ మూల మంచం మీద పడి ఉన్నా ఎవరూ చూసేవాళ్లు కాదు. మరాఠీ పిల్ల అనేసరికి నా గదికి జనం రావడం మొదలుపెట్టారు.

"రూతు అంటె రుతుజానా?"

"ఆఁ... ఇంట్ల గట్లనే పిలుస్తరు."

"మీ దిక్కు కోటలుంటయట గదా, నీ ఇంటికెళ్లి కనిపిస్తయా?"

"కిటికీ తీస్తె కోటనే" అన్నాను. మా ఇంటి కిటికీ తీస్తే పక్కింటోళ్ల గేదె కనిపిస్తుంది. మహారాష్ట్ర నేను ఏనాడూ చూడలేదు. ఆదిలాబాద్ దాటాక, సరిహద్దుకు ఇటు పక్కనే మా మేనమామ ఊరు ఉంది. అటు పోయినప్పుడు మహారాష్ట్ర బస్సు ఒకసారి ఎక్కాను. నా మరాఠీ అంతా ఆ బస్సులోదే. నకో అంటే వద్దు, కితీ అంటే ఎంత. మూడోది, కండక్టర్ ప్రతి స్టాపులో అరిచిన మాట: "పుఢే చలా." అంటే ముందుకు జరగండి అని. ఈ మూడు మాటల పెట్టుబడితో నేను మూడు వారాలు మరాఠీ పిల్లగా బతికానంటే, నా ప్రతిభను మీరే గ్రహించాలి.

కానీ వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక మళ్లీ ఒంటరిగానే ఉండేది. వాళ్లు వచ్చింది రుతుజా కోసం. రూతు మంచం మీద కూర్చుని, ఆమె చెప్పే అబద్ధాలు వింటూ ఉండేది. ఫోన్‌లో అవ్వ, "దోస్తులు అయిండ్రా బిడ్డా?" అని అడిగితే, "మస్తుమంది అయిండ్రు" అనేదాన్ని. అది నిజమే. కానీ ఎవరికి అయ్యారో చెప్పలేకపోయేదాన్ని.

వాళ్లలో ఒక్కతి మాత్రం జనం పోయాక కూడా ఉండిపోయేది. పేరు లావణ్య, సిరిసిల్ల పిల్ల. వాళ్ల బాపు మహారాష్ట్రలో, భీవండిలో మరమగ్గాల మీద పని చేస్తాడు, ఏడాదికి రెండుసార్లు ఇంటికి వస్తాడు. ఒకనాడు లావణ్య నా మంచం అంచున కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"మా బాపు ఉండే ఇంటి ఓనరామె మరాఠామె. ముసలామె. బాపుకు జరమొస్తె గంజి కాసి పోసిందట. గామెకు ఫోన్‌ల మరాఠీల దండం చెప్పాలె. మా బాపును మంచిగ చూస్తున్నందుకు మీరు సల్లగుండాలె అని. ఎట్లనాలె?"

ఇప్పుడైనా నిజం చెప్పాలా వద్దా? చెప్పాలి. మీకు తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ పిల్ల కళ్లు చూస్తే, నాకు తెలియదని చెప్పడం కూడా ద్రోహంలా అనిపించింది. నా దగ్గర ఉన్నవి మూడు మాటలు. "వద్దు", "ఎంత" పనికిరావు. మిగిలింది ఒకటే.

"పుఢే చలా అనాలె" అన్నాను.

"గంతేనా? గింత చిన్నగనా?"

"మరాఠీ గట్లనే ఉంటది. చిన్న మాటల పెద్ద అర్థం."

లావణ్య నా ముందే ఫోన్ చేసింది. వాళ్ల బాపు ఫోన్‌ను ఆ పెద్దావిడకు ఇచ్చాడు. లావణ్య చేతులు జోడించి, గొంతు నిండా భక్తితో, "పుఢే చలా అమ్మా, పుఢే చలా, పుఢే చలా" అంది. అవతల నుంచి పెద్దగా నవ్వు. లావణ్య మొహం వెలిగిపోయింది. "చూసినవానే? ఎంత ఖుషీ అయిందో!" అని నన్ను గట్టిగా పట్టుకుంది. నన్ను ఎవరైనా అలా పట్టుకుని ఎన్ని రోజులైందో. ఆనందపడాలో, గోడకు తల కొట్టుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాను.

నాలుగో వారం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. స్థానికత కాగితాలు ఇవ్వనివాళ్లు శుక్రవారం సాయంత్రంలోగా మొత్తం ఫీజు కట్టాలి, లేదా పేరు తీసేస్తారు. నా పేరు అందరికన్నా పైన ఉంది. మా ఇంట్లో అంత ఫీజు కట్టే దారి లేదు. బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, నేను ఖానాపూర్‌ల చదివినట్టు కాయిదం కావాలె."

"ఖానాపూర్‌లనే చదివినవ్ గదా బిడ్డా."

"గది ఈడోళ్లకు తెల్వది."

"చెప్పకపోయినవా?"

"శుక్రవారం లోపట కావాలె బాపూ."

"మంచిగనే ఉన్నవా బిడ్డా?"

ఫోన్ పెట్టేశాను. బాపు పని మానుకుని మూడు రోజులు బడి చుట్టూ, తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. శుక్రవారం జగిత్యాలలో బస్సు మారి, మధ్యాహ్నానికి కరీంనగర్‌లో దిగాడు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. కాగితాలు మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి తెచ్చాడు.

ఆఫీసు ముందు వరసలో సగం హాస్టల్ ఉంది. లావణ్య కూడా తన కాగితాలతో అక్కడే ఉంది. బాపు నవ్వుతూ అందరికీ దండం పెట్టాడు. "మంచిగున్నరా బిడ్డా? మా రూతును మంచిగ చూస్కుంటుండ్రు, సల్లగుండాలె మీరు."

వరసలో తలలన్నీ నా వైపు తిరిగాయి. వెనక నుంచి ఒక పిల్ల గుసగుసగా అంది, "ఏందే, మీ బాపు తెలుగు నీకన్న మంచిగ మాట్లాడుతుండు!"

లోపల సరోజన మేడం లేచి నిలబడి మర్యాద చేసింది. "రాండ్రి, రాండ్రి. మహారాష్ట్రకెళ్లి ఎప్పుడు బయలెల్లిండ్రు?"

బాపు నా వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. "మహారాష్ట్ర నేను చూడలే మేడం. మాది ఖానాపూర్. నిర్మల్ జిల్ల."

ఆమె కాగితాలు ఒక్కొక్కటే చదివింది. ఆరో తరగతి, ఏడు, ఎనిమిది, అన్నీ అదే ఊరు, అదే బడి. కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "నీకు నేను కుర్సీ ఏసి చాయ్ తాపిచ్చిన గదనే! నీకోసం మా మరిదికి ఫోన్ చేసి మరాఠీల నాలుగు మాటలు నేర్చుకున్న!"

నేను తలవంచుకున్నాను. తిట్టింది, బాగా తిట్టింది. తిడుతూనే కంప్యూటర్‌లో నన్ను మహారాష్ట్ర నుంచి తెలంగాణకు తెచ్చింది. ఫీజు మాఫీ నిలబడింది. ఆఫీసు మూసే వేళకు పది నిమిషాలు మిగిలాయి.

బయట మెట్ల మీద లావణ్య అడిగింది, "గా పుఢే చలా అంటె ఏంది?"

"ముందుకు జరుగుండ్రి అని. బస్సుల అంటరు."

ఆమె తన కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది. నేను ఏడుస్తూ బాపుతో బస్టాండ్ దాకా నడిచాను. దారిలో ఆయన అడిగాడు. "ఎందుకట్ల చెప్పినవ్ బిడ్డా?"

"నాతోని ఎవ్వలు మాట్లాడలే బాపూ."

బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "నాకు ఫోన్ చెయ్యకపోయినవా? నేనే మరాఠీల మాట్లాడుతుంటి" అన్నాడు. ఇద్దరం నవ్వాం. బస్సు కదిలాక నేను ఒక్కదాన్నే ఏడ్చాను.

హాస్టల్లో ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది, రావడమే మానేశారు. ఖానాపూర్ పిల్ల గదిలో చూడడానికి ఏముంది? మళ్లీ మాటలు లెక్కపెట్టుకునే రోజులు వచ్చాయి. ఈసారి పిల్లి కూడా లేదు.

రెండో ఆదివారం చర్చి నుంచి వచ్చి డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. లావణ్య బకెట్ పట్టుకుని వచ్చింది. తాడుకు అటు చివర నుంచి ఆరేయడం మొదలుపెట్టింది. నేను ఇటు చివర. మధ్యలో ఒక దుప్పటి దగ్గర కలిశాం.

"మీ ఖానాపూర్ ఎట్లుంటదే?" అంది, నా వైపు చూడకుండా.

అంతే, ఇన్ని నెలల నుంచి ఆగిన మాటలన్నీ బయటికొచ్చాయి. మా గల్లీ, పసుపు తవ్వే రోజులు, పక్కింటి గేదె, మా చర్చిలో తాళం తప్పి పాడే మా బాపు, అవ్వ వండే పప్పుచారు. బట్టలు ఆరిపోయేదాకా చెప్పాను. లావణ్య అంతా విన్నది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక పెద్ద ఆవలింత తీసింది.

"ఏమన్న అనుకోకు రూతూ, నీ మహారాష్ట్రనే మస్తుండె" అంది.

కాబట్టి, పెద్దల ఎదుట, మీ అందరి ఎదుట, కుడి చెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దరఖాస్తూ నేను ఒక్కదాన్నే నింపను. తప్పనిసరిగా నింపాల్సి వస్తే, ముందు ఎవరో ఒకరిని కూర్చోబెట్టి, వాళ్లకు ఆవలింత వచ్చేదాకా మాట్లాడి, ఆ తర్వాతే పెన్ను ముట్టుకుంటాను.