కోవిడ్ అనేదాకా కర్ర ఎత్తలేదు

కంటి ముందున్న కొండలనీ, కంటికి ఆనని జీవకణాన్నీ ఒకే మాటతో కలుగజేసిన దేవునికి స్తోత్రం. కోపాన్ని కూడా ఆయనే ఇచ్చాడనుకుంటాను. నాకు మాత్రం కాస్త ఎక్కువే కొలిచి పోశాడు.

ఆ రోజుల్లో, అంటే లాక్‌డౌన్ మొదటి వేసవిలో, పాడేరు కాలేజీ మూసేస్తే జంతుశాస్త్రం పుస్తకాలతో ఇంటికొచ్చి పడ్డాను. సగం చదువు, నిండు నోరు. దొరికినవాళ్ళందరికీ పాఠం చెప్పేదాన్ని: ఈ వైరస్ ఒంట్లో దూరేదాకా దానికంటూ బతుకు లేదు, పైనున్న కొవ్వు పొర సబ్బు తగిలితే చిట్లిపోతుంది, నోటి తుంపర్లతో పాకుతుంది గనుక మాస్కు తీయకూడదు, పొర మీది ముళ్ళు కిరీటంలా ఉంటాయని కరోనా అన్నారు, అని. (ముళ్ళ కిరీటం ధరించిన ప్రభువును కొలిచే నాకు ఆ పేరు అసలు మింగుడుపడలేదు.)

ఏటా వేసవిలో మా గిరిజనులు చేసుకునే ఇటుకల పండగకు మా ఊరి ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుని, పాటలు పాడి, కానుక ఇస్తేనే బళ్ళను వదులుతారు. చర్చి సంఘస్తులం మేము ఆ కర్ర ముట్టుకోము. ఆ ఏడు పండగ లేదు గాని, బయటివాళ్ళు రాకుండా కర్ర మాత్రం అడ్డం పెట్టారు. పసుపు కొనే షావుకారు ఒక్కడికే మినహాయింపు. అమ్మ ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపంతా ఇంట్లోనే ఉంది మరి, కొనేవాడు ఇంకొకడు లేడు.

వ్యాను ఆగింది. పిన్ని కర్ర ఎత్తబోతోంది. షావుకారు మాస్కులోంచే అరిచాడు.

"దూరం, దూరం! మీరు గబ్బిలాలు తినబట్టే కదా, ఈ కొండోళ్ళ రోగం మా మీద పడింది!"

నా చెవులు కాలిపోయాయి. గబ్బిలాల్లో ఇలాంటి వైరస్‌లున్న మాట నిజమే. కానీ ఇది మనిషిని ఎలా చేరిందో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఇంకా వాదించుకుంటున్నారు. ఊరిమీదా, జాతిమీదా, జంతువుమీదా నింద పడకూడదనే రోగానికి కోవిడ్ అని పెట్టారు. ఇదంతా ఒక్క గుక్కలో అరిచి, పిన్ని చేతిలోని కర్ర లాక్కుని అడ్డంగా నిలబడ్డాను.

"కోవిడ్ అను. అంటేనే దారి!"

"ఏటే గుంటా, రోగానికి బారసాల సేత్తన్నావా? బండి తిప్పీమంటావా?" అన్నాడు షావుకారు.

"వదిలీయే తల్లీ!" అమ్మ గొల్లుమంది. "పసుపు పురుగు పట్టిపోద్ది. నీ కోవిడ్‌ని కూరలో ఏసుకుంటామా?"

పిన్ని మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. "పండక్కి కర్ర పట్టవే అంటే పాపమన్నాది. ఇప్పుడు సూడండి!"

అంతలో పాస్టరయ్య మోటారుసైకిలు వచ్చి ఆగింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన సంగతంతా విని, నిదానంగా వచ్చి, "ఒక్కదానివే మొయ్యలేవులేమ్మా" అని కర్ర రెండో కొస పట్టుకున్నారు!

ఆ వేసవిలో దేశమంతా పాలల్లో పసుపు కలుపుకుని తాగుతోంది. ఖాళీ బండితో కొండ దిగడం షావుకారికీ కుదరదు. చివరికి మాస్కులోనే "కోవిడ్" అని గొణిగాడు.

"మాస్కు తీసి గట్టిగా అను!"

"తియ్యమనకమ్మా," అన్నారు పాస్టరయ్య. "ఆ పాఠం చెప్పింది నువ్వే కదా."

పసుపు బండెక్కింది. ఒక్క మాట పలికిస్తే మనిషి మారిపోతాడని నమ్మిన ఆ గుంటను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మరుసటి ఏడే అతగాడు మళ్ళీ "కొండోళ్ళ రోగం" అన్నాడట. శత్రువును ప్రేమించమన్నది ఆజ్ఞ. అతని కోసం మోకరిస్తాను గాని, "ప్రభువా, ఆ షావుకారిని..." అన్న దగ్గర నా పళ్ళు బిగుసుకుపోతాయి. ప్రియులారా, నా నోట రాని ఆ మిగిలిన మాట మీరు పలకండి. అతని కోసం నాతో కలిసి ప్రార్థించండి.